వేషం కట్టడమా, వేషం నేర్పడమా?

హనుమకొండ నుంచి ఒక రంగస్థల నటి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసివేసి, సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 46 ఏళ్లు. డిగ్రీ చదువుతున్న రోజుల్లో కళాశాల వార్షికోత్సవంలో ఆమె వేసిన వేషం చూసి, స్థానిక నాటక సమాజం దర్శకులొకరు ఇంటికి వచ్చి బాపును (నాన్నను) ఒప్పించి బృందంలో చేర్చుకున్నారు. అప్పటి నుంచి నాటక పరిషత్తు పోటీలు, రిహార్సళ్లు, రాత్రి ప్రయాణాలే ఆమె లోకం. రుద్రమదేవి వేషానికి ఆమెకు మంచి పేరు వచ్చింది. ఉత్తమ నటి జ్ఞాపికలు అల్మారా నిండా ఉన్నాయనీ, వాటితోపాటు వచ్చిన నగదు మొత్తం కలిపినా ఆ అల్మారా ఖరీదు చేయదనీ ఆమె నవ్వుతూనే రాశారు. భర్త కాజీపేటలో రైల్వే ఉద్యోగి, కూతురు ఇంటర్ చదువుతున్నది. కొన్నేళ్ల క్రితం ఇంటి డాబా మీద నలుగురైదుగురు పిల్లలకు నటన నేర్పడం మొదలుపెడితే, ఇప్పుడు పరకాల, జనగామ, ములుగు నుంచి కూడా శని, ఆదివారాల్లో బస్సెక్కి వచ్చే వాళ్లున్నారు. నాటకం ఏనాడూ ఇవ్వని నికరమైన ఆదాయం ఈ పాఠాలు ఇస్తున్నాయి.

చిక్కు ఇక్కడే మొదలైంది. హైదరాబాద్‌లో సినిమా నటన శిక్షణ సంస్థ నడిపే ఒకాయన హనుమకొండలో శాఖ తెరుస్తానని, ఆమె పేరు, ఫొటో పెట్టి ప్రచారం చేస్తానని, నెల జీతం ఇస్తానని వచ్చారు. ఆమె విడిగా తరగతులు నడపకూడదు, పరిషత్తుల కోసం సెలవులు అడగకూడదు అన్నవి ఆయన షరతులు. ఈ సంగతి చెవిన పడిన గురువుగారు "నువ్వు స్టేజీ దిగితే నా సమాజం సగం దిగినట్టే బిడ్డా" అన్నారట. ఆ తరువాత ఆమెను రిహార్సల్‌కు పిలవడం తగ్గించి, రుద్రమదేవి వేషాన్ని ఆమె శిష్యురాలికే, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయికి ఇచ్చారు. "ఆ పిల్ల చెయ్యి ఎత్తిన తీరు, మాట మధ్యలో ఆగిన తీరు అచ్చం నావే. చూస్తుంటే ముందు గర్వంగా అనిపించింది, వెంటనే కడుపు మండింది. ఆ మంట చూసి నాకే భయం వేసింది" అని ఆమె రాశారు.

మరో సంఘటన ఆమెను ఇంకా ఎక్కువగా కలవరపెట్టింది. తండ్రి గణపతిదేవుడి మరణవార్త వినే ఘట్టం ఆ అమ్మాయికి పట్టుబడకపోతే, కళ్లు మూసుకొని నీ తండ్రి పోయిన రోజు గుర్తు తెచ్చుకో అని ఈమె చెప్పారట. ఆ పిల్ల ఏడుపు ఆగలేదు, వారం రోజులు తరగతికి రాలేదు. తల్లి వచ్చి "బిడ్డకు ఏం నేర్పుతున్నరు మేడం? ఇంట్ల గోడ దిక్కు మొకం పెట్టి ఏడుస్తున్నది" అని అడిగితే, ఈమె దగ్గర సమాధానం లేకపోయింది. పైగా ఈ మధ్య ప్రదర్శన తరువాత గొంతు బొంగురుపోయి చాలా రోజులు తేరుకోవడం లేదు. "స్టేజీ మీద ఓడిపోయి పాఠాలు చెప్పుకుంటున్నానా? వేషం మానాలా, పాఠం మానాలా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, మీ చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఉత్తరంలోని మిగతా సమస్యలన్నిటినీ మీరు ఆ మాట నీడలోనే చూస్తున్నారు. నటించలేని వాళ్లే నటన నేర్పుతారన్న చిన్నచూపు పట్టణపు నాటక సమాజాల్లో ఉన్నమాట నిజమే కానీ, మన ప్రాంతపు కళలకు ఆ ఆలోచనే తెలియదు. ఆటపాటలతో కథను ప్రదర్శించే చిందు యక్షగానంలో వేషం కట్టేవారు ఒకరు, నేర్పేవారు మరొకరు అని ఉండరు. తల్లి పక్కన బిడ్డ, అన్న పక్కన తమ్ముడు రంగం మీదే నిలబడి నేర్చుకుంటారు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన చిందు ఎల్లమ్మ గారైనా, జనగామ జిల్లా నుంచి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య గారైనా ఆ పద్ధతిలో నుంచి వచ్చినవారే. మీ ఊరి నేరెళ్ల వేణుమాధవ్ గారి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ధ్వన్యనుకరణను (మిమిక్రీని) పాఠ్యాంశంగా చేసి తెలుగు విశ్వవిద్యాలయంలో నేర్పించినంత మాత్రాన ఆయన వేదిక దిగిపోయారని ఎవరూ అనుకోలేదు. రంగస్థలం నుంచే వచ్చిన లక్ష్మీదేవి కనకాల గారు, 2018లో కన్నుమూసేనాటికి, భర్త దేవదాస్ కనకాల గారితో కలిసి ఎందరో నటులను తీర్చిదిద్దిన గురువుగానే తెలుగువారికి తెలుసు. ఆమెను ఓడిపోయిన నటి అనడానికి ఎవరికైనా నోరు వస్తుందా?

అయితే ఈ ఉదాహరణలు చూపించి మీకు ధైర్యం చెప్పి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. నటించడం వచ్చినవారికి నేర్పడం దానంతట అది రాదు. అది రెండో విద్య, అందులో మీరు ఇంకా కొత్తవారు. మీ ఉత్తరంలో నాకు కనిపించిన అసలు విషయం ఇదే. పాతికేళ్ల అనుభవం ఉన్న నటి, కొద్దికాలం అనుభవం మాత్రమే ఉన్న ఉపాధ్యాయురాలు మీలో ఒకేసారి ఉన్నారు. మొదటి ఆమె దర్పం రెండో ఆమెను నేర్చుకోనివ్వడం లేదు. ఆ అమ్మాయి మీ చెయ్యి ఎత్తినట్టే చెయ్యి ఎత్తిందంటే, మీరు ఆమెకు మీరు చేరిన చోటు చూపించారు, అక్కడికి మీరు ఎలా చేరారో చెప్పలేదు. ఆ విరామం దగ్గర మీరు ఆగడానికి ఏదో ఒక కారణం ఉండి ఉంటుంది. బహుశా తొలి ప్రదర్శనల్లో ఎప్పుడో ఎదుటి పాత్రధారి ఆలస్యంగా అందుకోవడం వల్లనే ఆ విరామం పుట్టి ఉండవచ్చు. ఆ అమ్మాయికి ఆ కారణం తెలియదు, ఆగాలని మాత్రమే తెలుసు.

ఏడుపు సంఘటన కూడా ఇందులో భాగమే. మీరు కొత్తగా కనిపెట్టిన పొరపాటేమీ కాదది. ప్రపంచ నాటకరంగంలో పెద్ద తగాదా జరిగిన చోటులోనే మీరు కాలు పెట్టారు. నటుడు తన సొంత జీవితంలోని బాధను తవ్వి పాత్రకు వాడుకోవాలన్న పద్ధతి రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ తొలినాటి ప్రయోగాల్లో నుంచి వచ్చింది. న్యూయార్క్‌లో గ్రూప్ థియేటర్ అనే బృందంలో దర్శకుడు లీ స్ట్రాస్‌బర్గ్ దానిని గట్టిగా పట్టుకొని నటుల చేత సాధన చేయించారు. ఆ బృందంలోని నటి స్టెల్లా ఆడ్లర్‌కు ఆ సాధన పడలేదు. ఆమె 1934లో పారిస్ వెళ్లి స్తానిస్లావ్‌స్కీనే నేరుగా కలిసి కొన్ని వారాలపాటు ఆయన దగ్గర పనిచేశారు. ఆయన అప్పటికే ఆ పద్ధతిని పక్కకు పెట్టి, పాత్ర ఉన్న పరిస్థితుల మీద, చేసే పని మీద, ఊహ మీద దృష్టి పెట్టారని తెలుసుకొని తిరిగి వచ్చి, ఆ మాటే బృందానికి చెప్పారు. అక్కడ చీలిక మొదలైంది. 1949లో ఆమె సొంత శిక్షణాలయం తెరిచారు, హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో ఆమె శిష్యుడు. యూదుల భాష అయిన యిడ్డిష్ నాటకరంగంలో పేరుపొందిన కుటుంబంలో పుట్టి పసితనంలోనే వేదిక ఎక్కిన ఆ నటి పేరు ఈనాడు ప్రధానంగా గురువుగానే నిలిచింది. ఈ కథ మీకు చెప్పడానికి కారణం ఆమె కీర్తి కాదు. తనకు నేర్పిన పద్ధతి మనిషిని గాయపరుస్తున్నదని అనుమానం వచ్చినప్పుడు ఆమె బయలుదేరి వెళ్లి అడిగి తెలుసుకున్నారు, ఆ తరువాతే నేర్పడానికి కూర్చున్నారు.

మీ విషయంలో పారిస్ దాకా వెళ్లనక్కరలేదు, ఖిల్లా వరంగల్ చాలు. ఆ అమ్మాయిని ఒక సాయంత్రం తోటి విద్యార్థులతో కలిపి కోటకు తీసుకెళ్లండి. మట్టికోట మీద నడిపించండి, కీర్తితోరణాల మధ్య నిలబెట్టి ఒక ఆజ్ఞ ఇవ్వమనండి, అది అవతలి తోరణం దాకా వినిపించడానికి ఎంత ఊపిరి కావాలో ఆమెకే తెలుస్తుంది. తరువాత ఘట్టం గురించి అడగండి. శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా పిలిపించుకున్న పాలకురాలు ఈమె. ఆడది ఏలడమేమిటని గొణిగే సామంతులు ఎదురుగా ఉండగా తండ్రి మరణవార్త వినవలసి వస్తే, ఆమెకు ఏడ్చే వీలుందా? వార్త తెచ్చినవాడి ముఖం చూస్తుందా, సామంతుల ముఖాలు చూస్తుందా? చేతిలో ఏముంది, దానిని ఏం చేస్తుంది? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెతికే అమ్మాయికి సొంత తండ్రి చావును తవ్వుకోవలసిన అవసరం రాదు. పైగా కన్నీరు ఆపుకునే ప్రయత్నమే ఆ ఘట్టానికి ప్రాణం పోస్తుంది. మన పరిషత్తుల్లో ఏడుపుకు పడినన్ని మార్కులు నిగ్రహానికి పడవన్నది వేరే సంగతి, దాని గురించి న్యాయనిర్ణేతలకు ఎవరైనా ఉత్తరం రాయాలి.

ఆ తల్లికి మీరు సమాధానం బాకీ ఉన్నారు. ఇంటికి వెళ్లి, ఆ రోజు ఏం చేయించారో, ఎందుకు చేయించారో, ఇకమీదట అది చేయించనని దాపరికం లేకుండా చెప్పండి. ఆ అమ్మాయి ఇప్పటికీ నిద్ర, తిండి సరిగ్గా లేకుండా ఉంటే, నటన మాట పక్కనబెట్టి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లమని సూచించండి. మీరు నటన గురువు, చికిత్స మీ పని కాదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు కూడా మీ దగ్గర ఉన్నారు కనుక తరగతులకు కొన్ని కట్టుబాట్లు కాగితం మీద రాసి తల్లిదండ్రులకు ఇవ్వడం మంచిది. ఏ సాధనలో ఎవరు ఎవరిని ముట్టుకోవచ్చు, వద్దంటే ఎలా ఆపవచ్చు, వీడియో తీస్తే ఎవరి అనుమతితో తీస్తారు, గదిలో మరో పెద్దమనిషి ఎవరుంటారు అన్నవి అందులో ఉండాలి.

కడుపుమంట గురించి ఎక్కువ చెప్పను. ఉన్నది, ఉంటుంది. పన్నెండు మందిలో ఒక్కరికి దక్కే వేషాన్ని ఏళ్లతరబడి మోసిన మనిషికి అది చేయి మారుతుంటే నొప్పి కలగకపోతేనే ఆశ్చర్యపడాలి. మీరు భయపడవలసింది ఆ మంట మీ దిద్దుబాటులోకి దిగినప్పుడు మాత్రమే. రిహార్సల్‌లో ఆ అమ్మాయిని మీరు ఆపినప్పుడల్లా, ఆమె తప్పు చేసినందుకు ఆపారా, నాలా చేయనందుకు ఆపారా, నాలాగే చేసినందుకు ఆపారా అని చూసుకోండి. ఈ మూడింటికీ తేడా కొంతకాలం మీకు తెలియకపోతే, ఆ ఒక్క నాటకానికి ఆమెకు శిక్షణ ఇచ్చే పని గురువుగారికే వదిలిపెట్టి, ఇతర పాత్రల మీద పనిచేయించండి.

ఇక సంస్థ వారి ప్రతిపాదన. ఇందులో మీకు కలిగే మేలు తక్కువేమీ కాదు. నెల జీతం, గది అద్దె బాధ లేకపోవడం, కెమెరా, లైట్లు, ఎడిటింగ్ తెలిసిన మనుషులు దొరకడం, కూతురి చదువు ఖర్చుల ముందు ఇవన్నీ బరువైన కారణాలే. పైగా కెమెరా ముందు నటన మీకు కొత్త. వెనుక వరుసలో కూర్చున్న మనిషికి అందాలని మీరు పెంచుకున్న గొంతు, చేయి, కనుబొమ్మ లెన్సు దగ్గరికి వచ్చేసరికి అతిగా కనిపిస్తాయి. ఘట్టాన్ని ముక్కలు ముక్కలుగా, ముందు వెనుకలుగా తీసేటప్పుడు భావం తెగకుండా పట్టి ఉంచడం వేరే నేర్పు. దానిని ఎవరి దగ్గరో నేర్చుకోక తప్పదు, ఆ సంస్థలో చేరితే జీతం తీసుకుంటూ నేర్చుకోవచ్చు.

కానీ ఆయన కొంటున్నది మీ పాఠాన్నా, మీ ముఖాన్నా అన్నది తేల్చుకోవాలి. మీ ఉత్తరాన్ని బట్టి ప్రచార ఫ్లెక్సీ నమూనాలో 'సినిమా అవకాశం గ్యారంటీ' అని ఉంది. ఆ మాట కింద మీ ఫొటో ఉంటే, నర్సంపేట దగ్గర పత్తి అమ్మిన డబ్బుతో కొడుకు ఫీజు కట్టిన తండ్రి రేపు అడిగేది హైదరాబాద్‌లోని యజమానిని కాదు, మిమ్మల్ని. చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటన విషయంలో ప్రచారకర్తగా కనిపించిన వ్యక్తి మీద కూడా 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఆ ప్రకటనలోని మాట నిజమా కాదా అని ముందే తగినంతగా విచారించుకున్నానని చూపగలిగితేనే మినహాయింపు దొరుకుతుంది. అవకాశాలు ఇప్పించడం ఏ గురువు చేతిలోనూ లేదని మీకు తెలుసు, ఆయనకూ తెలుసు.

విడిగా తరగతులు నడపకూడదన్న షరతు నాకు మరీ ఇబ్బందిగా తోస్తున్నది. ఏడాది తిరిగేసరికి ఆ శాఖ మూతపడితే, అప్పటికి మీ డాబా మీది పిల్లలు చెదిరిపోయి ఉంటారు, మీ పేరు మాత్రం ఆ ఫ్లెక్సీ మీద మిగిలి ఉంటుంది. అయినా మీరు చేరాలనే అనుకుంటే, చేరండి, తప్పు లేదు. కాకపోతే గ్యారంటీ మాట తీసివేయడం, ఒప్పందం ముగిసిన రోజే పేరు, ఫొటో వాడకం ఆగడం, మధ్యలో మానేసిన విద్యార్థికి ఫీజు ఎంత తిరిగి ఇస్తారో రాసి ఉండటం, ఏడాదిలో కొన్ని ప్రదర్శనలకు సెలవు ఉండటం అన్న వాటిని కాగితం మీదకు తెప్పించి, ఒక న్యాయవాదికి చూపించి సంతకం చేయండి. ఈ షరతులకు ఆయన ఇచ్చే సమాధానమే ఆయన ఉద్దేశం మీకు చెబుతుంది. వారంలో రెండు రోజులు అతిథి అధ్యాపకురాలిగా వచ్చి, క్లాసుకు ఇంత అని తీసుకుంటానని చెప్పడం మధ్యేమార్గం. డబ్బు తగ్గుతుంది, చేతులు కట్టుబడవు.

సొంతంగా కొనసాగడం రెండో దారి. ఇందులో ఆదాయం ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు, పరీక్షల కాలంలో పిల్లలు రారు, గది వెతుక్కోవడం దగ్గర నుంచి ఫీజు అడగడం దాకా అన్నీ మీరే చేసుకోవాలి. ఫీజు అడగడానికి మొహమాటపడుతున్నానని మీరే రాశారు. పేద పిల్లలకు తగ్గించండి, ఉచితంగానూ చెప్పండి, కానీ ఎవరికి ఎందుకు తగ్గించారో మీకు స్పష్టంగా ఉండాలి. మొహమాటంతో వదిలేసిన ఫీజు కొన్నాళ్లకు ఆ పిల్లవాడి మీద విసుగుగా మారుతుంది.

ఈ దారిలో మీకున్న బలం ఒకటి మీ ఉత్తరంలో ఒకే వాక్యంలో దొర్లిపోయింది. పరిషత్తుల కోసం మీరు తొలినాళ్లలో మీ ఇంటి మాట మార్చుకోవలసి వచ్చిందని రాశారు. నాటక పోటీల్లో చాలాకాలం కోస్తా జిల్లాల మాటతీరే రంగస్థల భాషగా చెలామణి అయింది. తెలంగాణ యాస నౌకరు పాత్రలకో, నవ్వించే పాత్రలకో మిగిలింది. ఇప్పుడు తెలంగాణ పల్లెలను, ఇళ్లను నేపథ్యంగా పెట్టుకొని సినిమాలు, సిరీస్‌లు వస్తున్నాయి, వాటిలో యాసను అతికించుకున్నట్టు మాట్లాడే నటులను చూసి మన ప్రేక్షకులు ముఖం చిట్లిస్తున్నారు. వరంగల్ మాటకూ కరీంనగర్ మాటకూ, ఆదిలాబాద్ మాటకూ నిజామాబాద్ మాటకూ ఉన్న తేడా చెవితో పట్టి, నాలుకతో పలికించగల శిక్షకులు ఎందరున్నారు? మీరు ఇంటి మాటలోనూ, కోస్తా మాటతీరులోనూ వేదిక మీద బతికిన మనిషి. పరకాల నుంచి వచ్చే పిల్లవాడికి వాడి యాస మాన్పించకుండానే, అవసరమైనప్పుడు మరో మాటతీరులోకి వెళ్లి రావడం నేర్పగలరు. బయటి నుంచి వచ్చే నటులకు యాస శిక్షణ ఇవ్వడం కూడా ఒక పనిగా ఎదుగుతుంది. కవి కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొనే రాష్ట్రంలో, కాళోజీ ఉన్న ఊరిలో ఈ పని మీకంటే సహజంగా ఎవరు చేయగలరు? హైదరాబాద్ సంస్థ పాఠ్యప్రణాళికలో దీనికి చోటుందో లేదో కూడా కనుక్కోండి.

పాఠశాలల్లో నాటకం నేర్పడం మూడో దారి. జాతీయ నాటక పాఠశాల 1989 నుంచి విద్యలో నాటకం కోసమే ఒక ప్రత్యేక బృందాన్ని నడుపుతున్నది, అంటే ఇది ఊసుపోక చేసే పని కాదు. సినిమా ఆశ లేని పిల్లలు, గొంతు విప్పడానికి జంకే పిల్లలు మీకు అక్కడ దొరుకుతారు. జీతం పెద్దగా ఉండదు, యాజమాన్యానికి వార్షికోత్సవం మీద తప్ప ధ్యాస ఉండకపోవచ్చు. కానీ ఉపాధ్యాయురాలిగా చేయి తిరగడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచడం లేదు, ఎందుకంటే ఆ పిల్లలు మిమ్మల్ని అనుకరించరు, నచ్చకపోతే కిటికీలో నుంచి బయటికి చూస్తారు.

ఇవి ఒకదానికొకటి అడ్డు కావు. వేషం మానాలా అన్న ప్రశ్నకు కూడా అందుకే ఒక్కమాటలో అవునని, కాదని చెప్పలేను. స్టెల్లా ఆడ్లర్ క్రమంగా పాఠంలోనే స్థిరపడ్డారు. ఆమె సమకాలికురాలైన ఉటా హేగెన్ 1947లో న్యూయార్క్‌లో నేర్పడం మొదలుపెట్టి కూడా వేషం వదలలేదు; ఆ తరువాతే 1951లోనూ 1963లోనూ అమెరికా నాటకరంగంలో పేరున్న టోనీ పురస్కారాలు అందుకున్నారు. రెండు దారుల్లోనూ గొప్ప గురువులున్నారు. మీ మట్టుకు మీరు ఏడాదికి ఒక్క కొత్త పాత్రయినా వేయడం మంచిదని నా అభిప్రాయం. కొత్త పాత్ర అంటున్నాను, పాత పాత్రల పునరావృతం కాదు. పేజీ చేతికి వచ్చిన మొదటి రోజు ఏమీ తోచక కూర్చోవడం ఎలా ఉంటుందో గుర్తున్న గురువు విద్యార్థి మీద విసుక్కోరు. మీ వయసు స్త్రీకి తల్లి పాత్రలు తప్ప రావడం లేదన్న ఫిర్యాదు న్యాయమైనది. దానికి రచయితలను నిందించడం ఒక మార్గమైతే, 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం మీ ఊరిలోనే ఉండగా, మీ విద్యార్థులతో, మీరు కోరుకున్న పాత్రతో ఒక నాటిక మీరే తయారు చేసుకోవడం మరో మార్గం. అందులో దర్శకత్వం మరొకరికి ఇవ్వండి. గదిలో మీరు ఒకేసారి గురువు, దర్శకురాలు, నాయిక అయితే పిల్లలకు నోరు పెగలదు.

అంతకంటే ముందు గొంతు. బొంగురు మూడు నాలుగు వారాలు దాటి నిలిచిందంటే మిరియాల పాలతో సరిపెట్టుకోకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గర స్వరపేటిక పరీక్ష చేయించుకోండి. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి స్వరతంత్రుల జబ్బులు ఎక్కువ, వేషం మానేసి రోజుకు నాలుగు గంటలు పాఠం చెబితే గొంతుకు విశ్రాంతి దొరుకుతుందన్న మీ అంచనా తప్పు. ఏ దారి ఎంచుకున్నా తరగతి గంటలు ఈ పరీక్ష తరువాతే నిర్ణయించుకోండి.

గురువుగారి మాటకు వస్తే, ఆయన కోపంలో సగం భయమని నాకు అనిపిస్తున్నది. ఆడవేషానికి మనిషి దొరకడం మన ఊళ్లలో ఎంత కష్టమో ఆయనకు తెలుసు; ఇన్నేళ్లు ఆ కష్టాన్ని మీరు కనిపించనివ్వలేదు. వేషం మీ శిష్యురాలికి ఇవ్వడంలో మిమ్మల్ని నొప్పించాలన్న ఉద్దేశం ఉండి ఉండవచ్చు, మీ పాఠం మీద నమ్మకమూ ఉండి ఉండవచ్చు; మనిషి ఒకే పనిని రెండు కారణాలతో చేస్తాడు. ఎవరి నోటనో వినడం కన్నా మీరే వెళ్లి, ఏడాదికి ఎన్ని నాటకాలకు మీరు అందుబాటులో ఉండగలరో, ఏ నెలల్లో ఉండలేరో స్పష్టంగా చెప్పడం మేలు. మీ దగ్గర తయారైన పిల్లలకు ఆయన సమాజంలో చోటు ఇవ్వగలరా అని అడగండి. ఆయనకు నటులు కావాలి, మీ పిల్లలకు వేదిక కావాలి. ఆయన ఒప్పుకోకపోతే ఆ బంధం కొంత సడలుతుంది, దానికి సిద్ధపడే వెళ్లండి. గురువు అన్నందుకు మాత్రమే సంస్థ వారి ప్రతిపాదనను తోసిపుచ్చినా, ఆయన మీది కోపంతో ఒప్పుకున్నా, రెండేళ్ల తరువాత మీరు లెక్క అడిగేది ఆయననే అవుతుంది.

ఇంట్లో మీ వారు "నీ ఇష్టం" అన్నారని రాశారు. ఆ మాట ఉదారంగా అన్నదో, అలసిపోయి అన్నదో మీకే తెలియాలి. ఆదివారాలు ఇల్లు విద్యార్థులతో నిండిపోవడం, పోటీల సీజన్‌లో మీరు ఊళ్లు తిరగడం రెండూ ఆయన మీద పడ్డ బరువులే కనుక, వచ్చే ఏడాది ఖర్చుల లెక్క, మీ క్యాలెండర్ ముందు పెట్టుకొని ఇద్దరూ కూర్చోండి. ఇంటికి నెలకు మీ వాటాగా కచ్చితంగా ఎంత కావాలో తేలితే, ఆ జీతం నిజంగా అవసరమా, లేక అవసరమనిపిస్తున్నదా అన్నది అంకెల్లోనే కనబడుతుంది.

సంస్థ వారు ఈ నెలాఖరులోగా జవాబు కావాలన్నారు. తొందరపెట్టిన ఒప్పందాల్లో తొందర ఎవరి అవసరమో చూడాలి. "ఒప్పంద పత్రం ప్రతి పంపండి, చదివి చెబుతాను" అని వారిని రాతపూర్వకంగా అడగండి, నోటిమాట మీద అడ్వాన్సు తీసుకోకండి. ఈలోగా చేయవలసిన మొదటి పని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లడం. పరిషత్తు తేదీ దగ్గర పడుతున్నది, వేషం వేయాలో వద్దో ఆ పిల్ల ఇష్టానికి వదిలి, వేస్తానంటే ఆ ఘట్టాన్ని మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.